నది జాగా నదికి

నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని మాణిక్యమ్మను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బస్తీకి వచ్చే ఆఫీసువాళ్లు ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఆధార్ కార్డు ఉందా, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది అని అడిగి రాసుకుపోయేవాళ్లు. అందుకే, మెడలో ఐడీ కార్డుతో, చంకలో చుట్టిన కాగితాలతో గట్టు దిగొచ్చిన ఆ అమ్మాయి, "అమ్మా, వరదొస్తే నీళ్లు ముందు ఎటునుంచి ఎక్కుతాయి?" అనేసరికి మాణిక్యమ్మ గడ్డి కోత ఆపి నడుమెత్తి చూసింది.

"ఎందుకు బిడ్డా, ఈడ ఇల్లు కొంటవా?"

ఆ అమ్మాయి నవ్వింది. పేరు రాగసుధ అనీ, మూసీ ఒడ్డును బాగుచేసే ప్రాజెక్టులో డిజైన్లు గీస్తున్నాననీ చెప్పింది. వాళ్ల నాన్న గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సర్కారు కొలువు చేశాడట. తాను ఈ ఊళ్లోనే పుట్టిందట. "ముప్పై ఆరేళ్లుగా ఈ వంతెనల మీదుగా ముక్కు మూసుకుని పోవడమే తప్ప, నది దగ్గరికి దిగడం ఇదే మొదటిసారి" అని కూడా చెప్పింది. ఆ మాట దాచుకోకుండా చెప్పినందుకు మాణిక్యమ్మకు ఆమె నచ్చింది.

చాదర్‌ఘాట్ వంతెనకు దిగువన, దబీర్‌పురా వైపు ఒడ్డున ఉంటుంది ఆ బస్తీ. మాణిక్యమ్మ అక్కడికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నల్లటి నీళ్లలో పెరిగే పచ్చగడ్డిని కోసి, మోపులు కట్టి, దబీర్‌పురాలోని తబేలాల్లో బర్రెలకు వేయడం ఆమె పని. నీళ్లలో నిలబడి నిలబడి పాదాలు పగిలిపోయాయి. కానీ ఆ నది ఏ నెలలో ఎలా ఉంటుందో, ఏ మూల లోతో, ఏ మూల ఊబో, ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"నది ఎదురుంగ వస్తదనుకుంటరు అందరు" అంది మాణిక్యమ్మ. "గట్ల రాదు. ముందుగాల గా నాలాలకెళ్లి ఎనక్కి తంతది. మనం నది దిక్కు చూస్కుంట నిలబడ్తం. నీళ్లు ఎనకకెళ్లి ఇండ్లల్ల జొర్రుతయి."

రాగసుధ ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. పెన్సిలు తీసి కాగితం మీద ఏదో గీసుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి బస్తీ అంతా తిరిగారు. ఏ గోడ దగ్గర నీళ్లు మోకాలి దాకా వచ్చాయో, ఏ గోడ మునిగిపోయిందో మాణిక్యమ్మ చేత్తో చూపిస్తుంటే, ఆ అమ్మాయి టేపు పెట్టి కొలిచింది. చివరికి వంతెన మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు, "ఇంత వివరంగా ఎలా గుర్తున్నాయమ్మా?" అని అడిగింది.

మాణిక్యమ్మ ఆగయ్య సంగతి చెప్పింది. 

అప్పటికి మూడేళ్ల కిందటి మాట. పైన రెండు రోజులు ఎడతెగని వాన. గండిపేట గేట్లు, హిమాయత్‌సాగర్ గేట్లు ఒకేసారి ఎత్తారు. మధ్యాహ్నానికల్లా బస్తీలోకి నీళ్లొచ్చాయి. మాణిక్యమ్మ భర్త ఆగయ్య, పక్కింటి డానియేలు తల్లిని వీపు మీద మోసుకొచ్చి ఈ మెట్ల మీదే కూర్చోబెట్టాడు. ఆమె పక్షవాతంతో మంచంలో ఉన్న మనిషి. డానియేలు ఆటో తీసుకుని ఊళ్లోకి పోయి ఉన్నాడు. అతని భార్య షారోన్ తడిసిన బట్టలతో అత్తను పట్టుకుని నిలబడి, "అన్నా, నా మిషను" అంది. అంతే అంది. తెచ్చిపెట్టమని అడగలేదు. లాడ్ బజార్ దుకాణాలవాళ్లకు జాకెట్లు కుట్టి ఇల్లు నడిపే మనిషి, బాధ కొద్దీ నోటినుంచి వచ్చిన మాట అది. ఆగయ్య "ఇప్పుడే తెస్త చెల్లె" అని మళ్లీ దిగాడు. వెనక నాలా తన్నింది. మూడో రోజు అంబర్‌పేట దిక్కున, గుర్రపుడెక్క తీగల్లో దొరికాడు.

షారోన్ వారం రోజులు అన్నం ముట్టలేదు. మాణిక్యమ్మే పోయి ఆమె పక్కన కూర్చుని, "నువ్వు అడగకున్నా గాయన పోయేటోడే. ఆయన సంగతి నాకు తెల్వదా" అంది. పిల్లలు లేని మాణిక్యమ్మకు ఆనాటినుంచి ఆ ఇంటివాళ్లే అయినవాళ్లయ్యారు. డానియేలు ఆమెను సొంత అక్కలా చూసుకున్నాడు. క్రిస్మస్‌కు చీర పెట్టేవాడు, బోనాలకు ఆటోకు వేపమండలు కట్టి ఆమెను గుడికి తీసుకుపోయేవాడు.

అంతా విని రాగసుధ తల వంచుకుంది. కాగితాలు చుట్టేసి వెళ్లిపోయింది. ఇలాంటివాళ్లు మళ్లీ రారని మాణిక్యమ్మ అనుకుంది. నాలుగు రోజులకే వచ్చింది.

ఆ ఏడాదంతా వస్తూనే ఉంది. ఒకరోజు బొమ్మ పరిచి చూపించింది. నదికి అడ్డంగా గోడ కట్టరట. ఒడ్డునే మెట్లు మెట్లుగా కిందికి చెక్కుతారట. ఒక్కో మెట్టూ ఒక వెడల్పాటి గడ్డి మడి. వానాకాలంలో నది లేస్తే కింది మడులు మునుగుతాయి, నీళ్లు రెండు రోజులుండి తీస్తాయి. గడ్డికేం కాదు, మళ్లీ లేస్తుంది. నాలా నదిలో కలిసే చోట తుంగ, జమ్ము పెంచితే మురికిని పట్టేస్తాయి. పై మెట్లలో తెల్లమద్ది, కానుగ, నేరేడు చెట్లు. దబీర్‌పురా గల్లీలనుంచి నేరుగా నీళ్ల దాకా దిగే వాలు దారి. "ఊరంతా నదికి వీపు పెట్టి కూర్చుందమ్మా" అంది రాగసుధ. "ఇటు తిరిగేలా చేయాలి. పిల్లలూ ముసలివాళ్లూ సాయంత్రం వచ్చి కూర్చునేలా."

మాణిక్యమ్మ వేలితో బొమ్మ మీద వెతికింది. వంతెన దొరికింది, మెట్లు దొరికాయి. "మరి మా ఇండ్లేవి?"

రాగసుధ సూటిగా చెప్పింది. "ఇళ్లు ఇక్కడ ఉండకూడదమ్మా. ఉంటే మళ్లీ ఎవరో ఒకరు పోతారు." ఆమె ఇంకో కాగితం తీసింది. నది దాటి అరగంట నడిస్తే ఉస్మాన్‌గంజ్‌లో మూతబడ్డ గోదాముల స్థలం ఉంది. అక్కడ నూట పది కుటుంబాలకు నాలుగంతస్తుల ఇళ్లు. బస్తీ ఆడవాళ్లతో ఒక సంఘం. గడ్డి మడులు చూసుకునేదీ, కోసి అమ్ముకునేదీ వాళ్లే. అదంతా ప్రాజెక్టులో భాగమని, పైవాళ్లు ఒప్పుకున్నారని, రాతపూర్వకంగా ఉందని చెప్పింది.

మాణిక్యమ్మకు చదువు రాదు. కానీ ఆ అమ్మాయి కళ్లలో అబద్ధం లేదని ఆమెకు తెలిసింది. నిజంగానే లేదు కూడా.

బస్తీలో పెద్ద లొల్లి అయింది. చర్చి ముందు ఖాళీ జాగాలో అందరూ కూర్చున్నారు. ప్రాజెక్టు ఆఫీసరు సోమశేఖర్ మైకులో గంటసేపు మాట్లాడి వెళ్లాక, ఒక్కరం కూడా సంతకం పెట్టేది లేదన్నారు. "నలభై ఏండ్ల సంది ఉన్నం, ఎవడొచ్చి లేపుతడో చూస్తం" అని మగవాళ్లు లేచారు. అప్పుడు మాణిక్యమ్మ నిలబడింది. అంతవరకు నలుగురిలో ఎప్పుడూ నోరు తెరవని మనిషి.

"నేను ఆగయ్యను గీ నీళ్లకే ఇచ్చిన" అంది. "నాకు తెల్సు. నది జాగా నదికి ఇయ్యాలె. మనం ఇయ్యకుంటే అదే తీస్కుంటది, మనుషులతోని సహా. ఉస్మాన్‌గంజ్ అంటే ఎంత దూరం? పొద్దున లేచి నడిస్తే వస్తం. ఆ పిల్ల మాట మీద నాకు నమ్మకమున్నది. నా మాట మీద మీకుంటే పెట్టుండ్రి."

 డానియేలు లేచి, "అక్క చెప్పినంక ఇంకేం ఫికర్" అని ముందుకొచ్చాడు. మొదటి సంతకం అతనిదే. అతని వెనక షారోన్. ఆమె వెనక వరస కట్టారు. సాయంత్రానికి నూట పది ఇళ్లూ అయిపోయాయి.

ఫిబ్రవరిలో ఇళ్లు తీశారు. ఉస్మాన్‌గంజ్‌లో కట్టేదాకా ఆరు నెలలు మాత్రమే అని చెప్పి, ఊరి చివర, ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న ఫ్లాట్లకు లారీల్లో తరలించారు. తెల్లటి సున్నం, టైల్స్, ఇంట్లోనే బాత్రూం. ఆడవాళ్లు మొదటిరోజు కుళాయిలు తిప్పి తిప్పి చూసుకున్నారు. మాణిక్యమ్మకు మూడో అంతస్తు వచ్చింది. కిటికీలోంచి చూస్తే రాళ్ల గుట్ట, దాని పక్కన ఇంకో కాలనీ గోడ. తడి వాసన ఎక్కడా లేదు. ఆరు నెలలే కదా అనుకుంది.

ఆరు నెలలయ్యాయి. దసరా పోయింది, క్రిస్మస్ పోయింది. సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం రాగసుధ వచ్చింది. మెడలో ఐడీ కార్డు లేదు. మంచం చివర కూర్చుని చేతి రుమాలును మడిచి విప్పింది.

"ఉస్మాన్‌గంజ్ స్థలం మారిపోయిందమ్మా" అంది. "పార్కుకొచ్చే వాళ్ల కార్లు పెట్టుకోవడానికి తీసుకున్నారు. మీకు ఈ ఫ్లాట్లే ఖాయం చేశారు. గడ్డి పని కాంట్రాక్టరుకిచ్చారు."

"రాసి ఉన్నదంటివి గద."

"రాసి ఉంది. 'వీలును బట్టి' అని ఒక మాట కూడా రాసి ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. మామూలు మాటే అనుకున్నాను. సోమశేఖర్ గారితో గొడవపడ్డాను. రాజీనామా చేశాను. దానివల్ల ఏం ఒరగలేదు."

మాణిక్యమ్మ లేచి గ్యాసు వెలిగించి చాయ్ పెట్టింది.  గ్లాసు ఆ అమ్మాయి చేతికిచ్చి, "తాగు" అంది. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని అనుకుని వచ్చిన రాగసుధ, ఆ చాయ్ తాగలేక, కింద పెట్టలేక ఏడ్చింది.

"ఈ ముచ్చట వాళ్లకు నేనే చెప్పాలె" అంది మాణిక్యమ్మ. "నువ్వు పో బిడ్డా. నువ్వు ఈడుంటే వాళ్లు నిన్ను కొడ్తరు."

ఆ సాయంత్రమే కింద సిమెంటు జాగాలో అందర్నీ పిలిచి చెప్పింది. ఎవరూ కేకలు వేయలేదు. లొల్లి చేస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఒక ముసలాయన మాత్రం ఆమె ముందు ఆగి, "ఎంతిచ్చిన్రు నీకు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా నడిచాడు.

అప్పటికే కాలనీలో బతుకులు చితికిపోయి ఉన్నాయి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు తెల్లారక ముందే బస్సెక్కి, చీకటి పడ్డాక దిగేవాళ్లు. కొందరిని పనిలోంచి తీసేశారు. షారోన్‌కు లాడ్ బజార్ దుకాణాలు దూరమయ్యాయి. గుడ్డ తేవడానికి ఒక పూట, ఇవ్వడానికి ఒక పూట పోతే కుట్టేదెప్పుడు? ఆ పని దబీర్‌పురాలో వేరేవాళ్లకు పోయింది. డానియేలు ఆటో ఈ దిక్కున నడవదు. ఎక్కేవాళ్లే లేరు. అతను సోమవారం పోయి, అఫ్జల్‌గంజ్‌లో ఆటోలోనే పడుకుంటూ, శనివారం వచ్చేవాడు. అతని తల్లి మార్చిలో, ఒక బుధవారం, షారోన్ ఒక్కతే ఉండగా పోయింది. అంబులెన్సు దారి వెతుక్కుంటూ రావడానికి గంటన్నర పట్టింది.

అంత్యక్రియలయ్యాక మాణిక్యమ్మ వాళ్ల గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. డానియేలు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"ఆ రోజు మా అమ్మను బావ వీపు మీద మోస్కొచ్చి బతికించిండు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "నువ్వు చెప్తివని నేను సంతకం పెట్టి, ఆమెను తెచ్చి ఈడ పడేసిన."

"డానియేలూ..."

"నిన్ను అంటలేను మాణిక్యమ్మా. నన్ను నేను అనుకుంటున్న."

అతను ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె మెట్లు దిగి వచ్చేసింది. షారోన్ లోపలినుంచి చూసింది గానీ, పిలవలేదు.

ఆ వేసవిలో పార్కు తెరిచారు. టీవీలో చూపించారని ఎవరో అన్నారు. మాణిక్యమ్మ చూడలేదు. సెప్టెంబరులో మూడు రోజులు వాన దంచికొట్టింది. నాలుగో పొద్దున, రెండు జలాశయాల గేట్లూ ఎత్తుతున్నారన్న వార్త విని, ఆమె గొడుగు తీసుకుని బస్సెక్కింది. ఎందుకు పోతోందో ఆమెకే తెలియదు. రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి చాదర్‌ఘాట్ చేరింది.

ఒడ్డును చూసి ముందు ఆనవాలు పట్టలేకపోయింది. తర్వాత కాగితం మీది బొమ్మ గుర్తొచ్చింది. ఆ బొమ్మే నేల మీద ఉంది. మడి మీద మడి, మడి మీద మడి, తడిసి నిగనిగలాడే గడ్డి. నాలా మూతి దగ్గర నిలువెత్తు జమ్ము, వెన్నులు విడిచి ఊగుతోంది. మద్ది మొక్కలు నడుమెత్తు పెరిగాయి. పైన రెయిలింగు పొడవునా జనం. దబీర్‌పురా గల్లీలనుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. బురఖాల్లో ఆడవాళ్లు, భుజాల మీద పిల్లలనెత్తుకున్న తండ్రులు, ఫోన్లలో వీడియోలు తీసుకునే పోరగాళ్లు. అంతమంది నది వైపు ముఖం పెట్టి నిలబడడం ఆమె ఆ ముప్పై ఏళ్లలో చూడలేదు.

నీళ్లు ఎర్రగా, వేగంగా ఎక్కుతున్నాయి. మొదటి మడి మునిగింది. రెండో మడి మునిగింది. మాణిక్యమ్మ వాలు దారిలో నాలుగడుగులు దిగేసరికి ఒక గార్డు అడ్డం వచ్చాడు.

"అమ్మా, కిందికి పోవద్దు. ఇంకా ఎక్కుతయి."

"మూడో మడి దాంక వస్తయి. ఆడ ఆగుతయి."

గార్డు నవ్వాడు. ఆమె అక్కడే ఒక రాతి అరుగు మీద కూర్చుంది. గంట గడిచింది. నీళ్లు మూడో మడి అంచును తాకి, పక్కలకు పరుచుకున్నాయి. జమ్ములోకి, గడ్డిలోకి పోయి, వేగం చచ్చి, మెల్లగా సుడి తిరుగుతూ నిలిచాయి. ఇంకో గంటకు కూడా పైకి రాలేదు. గార్డు మళ్లీ వచ్చాడు.

"నీకెట్ల తెల్సమ్మా?"

"ఆడ మా ఇల్లుండె" అని నీళ్ల నడుమకు చూపించింది.

ఆ నీళ్ల కిందే ఒకప్పటి తన ఇల్లు, డానియేలు ఇల్లు, చర్చి ముందు ఖాళీ జాగా. కప్పులుండిన ఎత్తుకు ఇంకా పైన నాలుగడుగుల నీళ్లు. ఉండి ఉంటే ఈపాటికి ఎంతమంది పోయేవాళ్లో ఆమె మనసులో ఇల్లిల్లూ లెక్కపెట్టుకుంది. ఒక్క ప్రాణం పోలేదు. తను చెప్పింది నిజమైంది. 

రాగసుధ ఆమెను అక్కడే చూసింది. ఆమె కూడా ఆగలేక వచ్చింది. రెయిన్‌కోటు వేసుకుని, జనం వెనక ఒంటరిగా నిలబడి ఉందట అప్పటిదాకా. వచ్చి అరుగు మీద పక్కన కూర్చుంది.

"మీరు చెప్పినట్టే వచ్చాయి" అంది.

"మంచిగ గీసినవ్ బిడ్డా."

రాగసుధ ముఖం చేతుల్లో దాచుకుంది. మాణిక్యమ్మ నీళ్లవైపే చూస్తూ అంది. "ఇది మంచిగ లేకుంటే నాకు నిమ్మళముండు. నిన్ను తిట్టుకుంట, నన్ను తిట్టుకుంట బతుకుదును. గింత మంచిగున్నది. మనోళ్లు ఒక్కలు లేరు."

ఇద్దరూ ఆ వానలో అలాగే కూర్చున్నారు. బస్టాండు దాకా దింపుతానని రాగసుధ అంటే, మాణిక్యమ్మ వద్దంది.

ఈ సంగతి కాలనీలో చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. మీ కప్పుల మీద నాలుగడుగుల నీళ్లు, మనం బతికినం, అని చెబితే కనీసం డానియేలైనా అర్థం చేసుకుంటాడని ఆశ. ఆ వారం వానకు ఆటో నడవక అతను ఇంటికే వచ్చి ఉన్నాడు. ఆమె గేటు దాటేసరికి అతని ఆటో కింద నిలబడి ఉంది. వెనక సీటు నిండా మూటలు. షారోన్ గిన్నెల బస్తా మూతి కడుతోంది.

"ఎటు పోతున్నరు?" అంది మాణిక్యమ్మ.

షారోన్ భర్త వైపు చూసింది. అతనే చెప్పాడు. "పట్నంలకే పోతున్నం. ఒక రూమ్ దొరికింది. ఈడుంటే ఆకలికి సస్తం."

"ఏ గల్లీల?"

అతను చెప్పాడు. దబీర్‌పురా స్టేషన్‌కు కింద, నాలా గోడను ఆనుకుని ఉన్న గల్లీ. మాణిక్యమ్మకు ఆ గల్లీ తెలుసు. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వేలసార్లు ఆ దారిన నడిచింది. చిన్న వానకే నీళ్లు తొడల దాకా నిలిచే చోటు. పార్కు ఆ గల్లీ దాకా లేదు.

"ఈ వానకు ఆడ నీళ్లు రాలేదా మరి?" అంది నెమ్మదిగా.

"వచ్చినయంట" అన్నాడు డానియేలు. "అందుకే కిరాయికి దొరికింది."

పోవద్దు అనే మాట ఆమె గొంతు దాకా వచ్చింది. ఆనాడు చర్చి ముందు నూట పది ఇళ్లను కదిలించిన గొంతు అది. ఇప్పుడు ఆ గొంతుకు ఎవరి దగ్గరా విలువ లేదు. ఉన్నా, పోవద్దని ఎట్లా చెబుతుంది? ఇక్కడ ఉండి ఏం చేయమని చెబుతుంది? కప్పుల మీది నాలుగడుగుల నీళ్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె గొడుగు గోడకు ఆనించి, బస్తా రెండో కొస పట్టుకుంది. ఇద్దరాడవాళ్లూ కలిసి దాన్ని ఆటోలోకి ఎత్తారు. పరుపు చుట్టను డానియేలు పైన పెడితే, మాణిక్యమ్మ కింద నిలబడి తాడు అందించింది. షారోన్ ఎక్కి కూర్చున్నాక, ఒక్కసారి మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి వదిలేసింది. డానియేలు వెనక్కి తిరగలేదు. బండి స్టార్టు కావడానికి రెండు మూడుసార్లు గుంజాల్సి వచ్చింది.

ఆటో గుట్ట పక్కన మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది. వాన మళ్లీ మొదలైంది. సిమెంటు జాగా మీద పడ్డ నీళ్లు ఎటూ పోయే దారి లేక గోడల మధ్య నిలిచిపోతున్నాయి. రెండు పైకిటికీల్లోంచి ఎవరో ఆమెను చూసి, తెరలు వేసుకున్నారు. మాణిక్యమ్మ చీర కుచ్చిళ్లు పైకెత్తి, ఆ నీళ్లలోంచి నడిచి, మూడో అంతస్తుకు ఎక్కింది.